తొట్టిలో బాతు

అనకాపల్లి
4 ఫిబ్రవరి 2003

శాంతికుమార్ బావగారికి దేవప్రసాద్ వందనాలు.

ఏ సంగతైనా కవరులో రావాలి, దాని మీద ముద్ర పడాలి, ఫోనులో అన్న మాట గాలికి పోతుంది అంటారు మీరు. పోస్టుమాస్టరుగా రిటైరైన మనిషి, అలా అనడంలో తప్పు లేదు. నా చేతిరాత మా ఆవిడ సుజికే అర్థం కాదు కాబట్టి షాపులో శుభలేఖలు కొట్టే కంప్యూటరు మీదే ఈ ఉత్తరం కొడుతున్నాను. మధ్యలో జెరాక్సులకి జనం వస్తే లేస్తాను. ఎక్కడైనా మాట తెగితే ఏమీ అనుకోకండి.

ఇక్కడ అందరం బాగున్నాం. మీకు కాబోయే కోడలు అక్సా కూడా బాగుంది. మీ అబ్బాయి రూఫస్ బాప్తిస్మం పదహారో తారీకు ఆదివారం అనుకున్నాం కదా, అది కుదిరేలా లేదు. కారణం బాతు.

మొదట్నుంచీ చెబుతాను. మీ సంఘంలో చంటిపిల్లలప్పుడే నెత్తిన నాలుగు చుక్కలు చల్లి బాప్తిస్మం ఇచ్చేస్తారు. మా దగ్గర పెద్దయ్యాక తొట్టిలో నిలువునా ముంచాలి. మా చర్చి తొట్టిలో ముంచనిదే పెళ్ళి చెయ్యనని బంగారయ్య పాస్టరు గారు నిశ్చితార్థం రోజే చెప్పారు, మీరు తల ఊపారు. ఆ తొట్టి వేదిక కిందే ఉంటుంది, పైన చెక్కలు పరిచి ఉంటాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు పొడిగా ఉండేదే కదా అని క్రిస్మస్‌కి పశువుల పాక కట్టిన గడ్డంతా మావాళ్ళు అందులో పడేశారు.

కిందటి నెల కోత పండుగకి బుచ్చయ్యపేట సత్తియ్య గారు కానుకగా బాతుల జంటని తెచ్చారు. ఆరాధన అయ్యాక కానుకలన్నీ వేలం వేస్తాం. గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు అన్నీ పోయాయి, బాతుల్ని ఎవరూ పాడలేదు. సంఘం సెక్రటరీ నా వైపు చూసి, కార్డుల షాపాయనకి బాతులెందుకులే అన్నాడు. అంతే, నేను పాడేశాను. రిక్షాలో ఇంటికి తీసుకెళ్తే సుజి గేటు తియ్యలేదు. వెనక్కి తెచ్చి చర్చి ఆవరణలోనే వదిలాను. చర్చి ఊడ్చే దేముడమ్మ వాటికి నూకలు వేస్తూ, ఆడబాతు పెట్టిన గుడ్లు పెట్టినట్టు బుట్టలో దాస్తూ వచ్చింది.

మీవాడి కోసం తొట్టి కడగాలని మొన్న చెక్కలు లేపారు. నిన్న పొద్దున చూస్తే ఆడబాతు మెట్లు దిగిపోయి, ఆ గడ్డిలో గుంత చేసుకుని, రొమ్ము ఈకలు పీకి పరుచుకుని కూర్చుంది. కింద గుడ్డు లేదు, అయినా లేవదు. చెయ్యి పెడితే బుస కొడుతోంది. పాస్టరు గారిని పిలిచాం. ఆయన తొట్టిలోకి వంగి చాలాసేపు చూశారు.

"రెక్కల కింద దాసుకునే ప్రేమ గురించి నిన్ననే గంటసేపు సెప్పేను. ఇయ్యాల దీన్ని మెడట్టుకుని బైటికి గెంటితే రేపట్నుంచి నా మాట ఎవులింటారు?" అన్నారు.

కాబట్టి గుడ్లు పెట్టి పొదగనివ్వాలట. దగ్గర దగ్గర నెల పడుతుంది. ఈలోపు ఈస్టరు ముందరి శ్రమదినాలు మొదలైపోతాయి, ఆ రోజుల్లో మాకు పెళ్ళిళ్ళు ఉండవు. అంటే ఈస్టరు దాటాకే. మీ ముందు తలెత్తుకోలేకపోతున్నాను బావగారూ. ఒక్క దారి ఉంది. మీకు దగ్గరే కదా, పెంటకోట సముద్రంలో ముంచేద్దామా అని అడిగితే, నేను బతిమాలగా బతిమాలగా పాస్టరు గారు ఈ ఒక్కసారికి సరేనన్నారు. మీరు ఊ అంటే వ్యాను మాట్లాడతాను.

మీ జవాబు కోసం చూస్తూ,
దేవప్రసాద్


పాయకరావుపేట
7 ఫిబ్రవరి 2003

దేవప్రసాద్ బావగారికి,

మీ ఉత్తరం అందింది. మీరు నొచ్చుకోవాల్సిన పని లేదు. పెళ్ళి ఈస్టరు తర్వాత జరిగినా మాకు అభ్యంతరం లేదు. అక్సా మా ఇంటికి ఎప్పుడు వచ్చినా మా కోడలే.

సముద్రం వద్దు. ఈ రోజుల్లో అలల సంగతి చెప్పలేం.

బాతును కదపకండి. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ మా దొడ్లో బాతులుండేవి. నాటు బాతుకు పొదుగుడు పట్టడమే అరుదు. గుడ్డు పెట్టి దాని దారిన అది పోతుంది, కోడి కింద పెట్టి మనం పొదిగించుకోవాలి. తనంతట తాను కూర్చుందంటే దాన్ని గౌరవించాలి. గుడ్లన్నీ ఒకే రోజు పెట్టండి, లేకపోతే కొన్ని ముందు, కొన్ని వెనక అవుతాయి. దాని ఒంటి కింద పట్టినన్నే పెట్టండి. మిగిలితే నాకు పంపండి. మా పక్కింటి అప్పలకొండమ్మ కోడి పొదుగు మీద ఉంది. గడపలో ఎవరి చెప్పు కనిపించినా దాని మీద కూర్చుంటోంది.

బాతు పక్కన వెడల్పాటి బేసిన్‌తో నీళ్ళు పెట్టండి. అది లేచి, మునిగి, తడి ఈకలతో వచ్చి కూర్చోవాలి. ఆ చెమ్మ లేకపోతే పెంకు గట్టిపడి పిల్ల బయటికి రాలేదు.

ఇంకో మాట. రూఫస్‌కి మూడో నెలలోనే బాప్తిస్మం అయింది. సరిగ్గా ఇప్పుడే, సరిగ్గా ఆ తొట్టిలోనే బాతు కూర్చోవడంలో ఏదైనా అర్థం ఉందేమో, మీ పాస్టరు గారు తీరిగ్గా ఉన్నప్పుడు అడగండి.

వందనాలతో,
శాంతికుమార్


అనకాపల్లి
10 ఫిబ్రవరి 2003

బావగారికి వందనాలు.

మీ మంచి మనసుకు ముందు దండం. రెండో మాట, మీరు ఉత్తరం చివర రాసింది పాస్టరు గారికి చదివి వినిపించకుండా ఉండాల్సింది. వినిపించేశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కోపం వస్తే అలాగే తుడుస్తారు.

నిన్న ఆరాధన అయ్యాక గుడ్లు పెట్టాం. నేను చూసిన బాప్తిస్మాలకి కూడా ఇంతమంది తొట్టి చుట్టూ నిలబడలేదు. దేముడమ్మ ఒక్కొక్క గుడ్డూ రొమ్ము కిందకి తోస్తుంటే బాతు ముక్కుతో ఒళ్ళోకి లాక్కుంది. అందరూ అబ్బా అన్నారు. కొన్ని ఎంత తోసినా బయటికి దొర్లిపోయాయి. అవే ఈ బుట్టలోవి. గడ్డిలో సర్ది, పైన మా షాపు శుభలేఖల కత్తిరింపులు నింపాను, ఎవరి పెళ్ళివో బంగారు అక్షరాలు కనిపిస్తే కంగారుపడకండి. తుని వెళ్ళే బస్సు కండక్టరు ఒళ్ళో పెట్టుకుని తెస్తానన్నాడు.

మీరు చెప్పినట్టే దేముడమ్మ తొట్టిలో బేసిన్ పెట్టింది. సాయంత్రం బాతు లేచింది. బేసిన్‌లోకి దిగి తల ముంచి, ఒళ్ళు ముంచి, రెక్కలు కొట్టుకుని, నీళ్ళు కారుతూ వెళ్ళి గుడ్ల మీద కూర్చుంది. పాస్టరు గారు మెట్టు మీదే నిలబడి ఇదంతా చూశారు. మీరేమీ అనుకోనంటే ఆయన అన్నమాట ఉన్నదున్నట్టు రాస్తాను.

"మీ వియ్యంకుడు అర్థం అడిగేడు కదా. ఇదుగో, సూసుకోమను. నోరు లేని బాతుకి కూడా తెలుసు, నిండా మునిగితే గానీ లోపల పేణం పుట్టదని."

పక్కనున్నవాళ్ళు ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను, అలవాటులో వచ్చేసింది.

ఇప్పుడు చర్చికి వచ్చినవాళ్ళంతా ముందు బాతుని చూసి తర్వాత కూర్చుంటున్నారు. వేదిక మీద పాస్టరు గారు గొంతు పెంచితే కింద నుంచి బుస వినిపిస్తోంది. ఆయన కొంచెం తగ్గించి మాట్లాడటం నేను వినడం నా జీవితంలో ఇదే మొదటిసారి.

గుడ్లు చేరినట్టు ఒక కార్డు ముక్క రాయండి.

మీ
దేవప్రసాద్


పాయకరావుపేట
14 ఫిబ్రవరి 2003

బావగారికి,

గుడ్లు క్షేమంగా అందాయి. కండక్టరు దారి పొడుగునా బుట్ట ఎవరికీ ఇవ్వలేదట, టికెట్లు కూడా కూర్చునే కొట్టాడట. అప్పలకొండమ్మ కోడి కింద ఆ సాయంత్రమే పెట్టాం. గుడ్డు సైజు చూసి కోడి ఒకసారి ఆమె మొహంలోకి చూసింది, తర్వాత ఎక్కింది. ఆమెకే నమ్మకం లేదు.

"పాపం, దానికి తెలీదండి బాబూ, రేపు పిల్లలు నీల్లలోకి పోతంటే గట్టు మీద గుండెలు బాదుకుంతాది," అంది.

కోడి నీళ్ళలో మునగదు. అందుకని గుడ్లకు చెమ్మ మనమే ఇవ్వాలి. రోజూ పొద్దున, కోడి మేతకు లేచినప్పుడు, గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు తీసుకుని గుడ్ల మీద చేత్తో చల్లుతున్నాను. ముంచడం లేదు. చల్లుతున్నాను. నాలుగు చుక్కలు. మా అమ్మ అలాగే చేసేది. ఒక్క పిల్ల కూడా లోపల చావగా నేను చూడలేదు.

మీ పాస్టరు గారు బాతు నుంచి పాఠం తీశారని రాశారు. సంతోషం. పాఠం రెండు వైపులా ఉండాలి. మీ గుడ్లూ నా గుడ్లూ ఒకే బాతువి, ఒకే బుట్టలోవి. మీవి మునిగిన తల్లి కింద ఉన్నాయి. నావి చల్లిన నీళ్ళతో ఉన్నాయి. నావి కూడా పిల్లలైతే, చల్లిన నీళ్ళు చాలవని ఎలా అంటారో ఆయన్ని అడగండి. కలిసిపోకుండా నా గుడ్లన్నిటి మీద నీలం పెన్సిలుతో గీత పెట్టాను.

వందనాలతో,
శాంతికుమార్


అనకాపల్లి
21 ఫిబ్రవరి 2003

బావగారికి,

అడగమన్నారు, అడిగాను. మీ ఉత్తరం పాస్టరు గారి చేతికే ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. కమిటీ మీటింగులో అందరి ముందూ లేచి ఇలా అన్నారు.

"శాంతికుమార్ గారి గుడ్లు పిల్లలైతే ఆ కుర్రోడ్ని ముంచను. ఎలాగున్నోడ్ని అలాగే పెళ్ళి సేత్తాను. అవ్వకపోతే మాత్రం ఆయన నోరెత్తకుండా కొడుకుని తొట్టిలో దింపాలి."

కమిటీ అంతా చేతులెత్తింది. సెక్రటరీ మినిట్స్‌లో రాశాడు. ఇరవై ఏళ్ళుగా ఫ్యాన్లు ఎన్ని కొనాలో తేల్చలేని కమిటీ బావగారూ.

మావి బ్రహ్మాండంగా ఉన్నాయి. కార్డుల ఫిల్ములు సరిచూసే లైటు బల్ల ఉంది కదా మా షాపులో, బాతు స్నానానికి లేచినప్పుడు దేముడమ్మ ఒక గుడ్డు ఒళ్ళో దాచి తెచ్చింది. బల్ల మీద పెట్టి, చుట్టూ చీకటి చేసి చూశాం. లోపల ఎర్రటి నరాలు, మధ్యలో నల్ల చుక్క, అది కదులుతోంది. శుభలేఖకి ప్రూఫు చూసుకోవడానికి వచ్చిన పెళ్ళికొడుకు తండ్రి తన పని మర్చిపోయి గుడ్డే చూస్తూ కూర్చున్నాడు. మీరు నమ్మాలని జెరాక్సు కూడా తీశాను, దీంతో పంపుతున్నాను. నల్లగా గుండ్రంగా తప్ప ఏమీ రాలేదు గానీ అది గుడ్డే.

ఇంతవరకూ సరదాగానే ఉంది. కానీ ఇంట్లో నాకు అన్నం పెట్టేవాళ్ళు లేరు. మీరు గీతలు పెట్టడం, నేను పాస్టరు గారికి మోసుకెళ్ళడం, కూతురు బతుకు గుడ్ల మీద పెట్టారా అని సుజి అంటోంది. అక్సా నాతో మాట్లాడటం మానేసింది. నిశ్చితార్థం నాడు తల ఊపిన మనిషి మీరు. ఇష్టం లేకపోతే ఆ రోజే చెప్పాల్సింది. సముద్రం వద్దన్నారు, తొట్టి ఖాళీ లేకపోతే సంతోషించారు, ఇప్పుడు పందెం. అసలు మీకు ఈ సంబంధం ఇష్టమా కాదా? గుడ్ల సంగతి తేలాకే పెళ్ళి మాట ఎత్తుదాం.

దేవప్రసాద్


పాయకరావుపేట
5 మార్చి 2003

బావగారికి,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. రూఫస్ చేతికిచ్చి పంపుతున్నాను. ముద్ర లేని ఉత్తరం నేను రాయడం ఇదే మొదటిసారి.

కోడి లేచిపోయింది. దాని లెక్క ప్రకారం మూడు వారాలకు పిల్లలు రావాలి. రాలేదు. నిన్న పొద్దున గుడ్ల మీద నుంచి దిగి, ఒళ్ళు దులుపుకుని, వీధిలోకి వెళ్ళిపోయింది. అప్పలకొండమ్మ దాన్ని పట్టుకొచ్చి బుట్ట కింద మూసింది. బుట్టను తన్నుకుని మళ్ళీ పోయింది. బాతు గుడ్డుకు ఇంకో వారం కావాలని కోడికి ఎలా చెప్పను? చెప్పుల మీద కూర్చున్నంత ఓపికైనా గుడ్ల మీద చూపలేదు.

నిన్నటి నుంచి నా ఉన్ని స్వెట్టరులో చుట్టి, బల్బు దగ్గర పెట్టి, చెంపకు ఆన్చి వెచ్చదనం చూస్తున్నాను. ఒక దాంట్లో ముక్కు తగిలించిన చప్పుడు వినిపించింది. లోపల బతికి ఉన్నాయి. నా చేతుల్లో చస్తాయి.

పందెం నేను ఓడిపోయినట్టే. అందుకు రాయడం లేదు. మీరు అడిగిన దానికి జవాబు రాస్తున్నాను. ఈ సంబంధం నాకు ఇష్టం. అక్సా అంటే ఇష్టం. తొట్టే ఇష్టం లేదు. నిశ్చితార్థం నాడు అంతమందిలో చెప్పలేక తల ఊపాను.

రూఫస్‌కి మూడో నెలలో బాగా జబ్బు చేసింది. డాక్టరు ఏమీ చెప్పలేనన్నాడు. ఆదివారం దాకా ఆగకుండా వాళ్ళమ్మ పుష్పకుమారి వాణ్ణి తువ్వాలులో చుట్టుకుని వానలో మా చర్చి అయ్యగారింటికి వెళ్ళింది. ఆయన అన్నం తింటున్నారు. చెయ్యి కడుక్కుని, ఆ చెంబులోనే మిగిలిన నీళ్ళు చల్లి ప్రార్థన చేశారు. వాడు బతికాడు. ఆమె వాడు పదో తరగతిలో ఉండగా పోయింది. మళ్ళీ ముంచాలి అంటే, ఆ నీళ్ళు చాలలేదన్నట్టు. ఆమె అంత వానలో పరిగెత్తింది దేనికీ కాదన్నట్టు. ఈ మాట రూఫస్‌కి కూడా నిన్న రాత్రే తెలిసింది, గుడ్లకు చెరో పక్కా కూర్చున్నప్పుడు.

పాస్టరు గారికి ఏం చెబుతారో మీ ఇష్టం. గుడ్లు మాత్రం మీ బాతు కింద పెట్టండి. అది మంచి తల్లి.

శాంతికుమార్


అనకాపల్లి
7 మార్చి 2003

బావగారికి,

కిందటి ఉత్తరం అంత కోపంగా కొట్టినందుకు ఏమీ అనుకోకండి. వేళ్ళు నాకంటే ముందు పరిగెడతాయి.

రూఫస్ బస్సు దిగి షాపు ముందు నిలబడితే కడుపు మీద ఏదో గడ్డ లేచిందనుకున్నాను. చొక్కా లోపల స్వెట్టరు, స్వెట్టరులో గుడ్లు, చేతులు రెండూ కడుపు మీద. దారిలో ఎవరో సీటిచ్చారట, కడుపునొప్పేమో అని. మీ ఉత్తరం నిలబడే చదివాను. షట్టరు దించేసి, అక్సాని కూడా పిలుచుకుని ముగ్గురం చర్చికెళ్ళాం.

బాతు బేసిన్‌కి లేచినప్పుడు పెట్టాలి. దాని కోసం మెట్ల మీద కూర్చున్నాం. అక్సా స్వెట్టరు విప్పి ఒక్కొక్క గుడ్డూ తీసింది. తడి గుడ్డతో మీ నీలం గీతలన్నీ తుడిచేసింది. అలా ఎందుకు చేస్తున్నావమ్మా, పందెం ఉంది కదా అన్నాను. రెండు వారాల తర్వాత నాతో మాట్లాడింది.

"ఇప్పుడు పాస్టరు గారినొచ్చి ఏరుకోమను నాన్నా, ఏవి మునిగినవో, ఏవి చల్లినవో."

బాతు స్నానం చేసి వచ్చింది. ఎక్కువైనట్టు దానికి తెలిసింది, కాసేపు అటూ ఇటూ తిరిగింది. ఈసారి రెక్కలు కూడా దించి అన్నిటినీ కప్పేసింది. మీ వాడు తలుపు దగ్గరికెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు, దుమ్ము పడిందన్నాడు.

పాస్టరు గారికి పుష్పకుమారి గారి సంగతి నేను చెప్పలేదు. అది మీది. గుడ్లు కలిసిపోయాయని మాత్రం చెప్పాను. ఆయన ఊరుకోలేదు. పందెం చెడింది కాబట్టి పాత మాటే మాట అన్నారు. బాతు ఖాళీ చేశాక తొట్టి నింపాలి, రూఫస్ మునగాలి. లేకపోతే పెళ్ళి ఇంకెక్కడైనా చేసుకోమన్నారు. ఇరవై ఏళ్ళు ఆ చర్చిలో ఉన్నాను బావగారూ, నా ఒక్కగానొక్క కూతురి పెళ్ళి ఇంకో చర్చిలో చేస్తే ఆయన మొహం నేను, నా మొహం ఆయన మళ్ళీ చూసుకోలేం. అయినా చేస్తాను. మీకు ఆ మాట రాసివ్వడానికే ఈ ఉత్తరం.

మీ
దేవప్రసాద్


అనకాపల్లి
12 మార్చి 2003

బావగారికి వందనాలు.

రూఫస్ మీ దగ్గరికి వచ్చే ఉంటాడు, కానీ వాడు మీలాగే, అడిగిన దానికే జవాబు చెబుతాడు. అందుకని జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

ఆదివారం వాక్యం మధ్యలో తొట్టిలోంచి కీచు కీచుమని మొదలైంది. పాస్టరు గారు ఆపి, కిందకి చూసి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆపారు. చివరికి ప్రార్థన చేసి ముగించేశారు. సోమవారం సాయంత్రానికి ఒకటి రెండు తప్ప అన్నీ వచ్చేశాయి. పసుపూ నలుపూ ముద్దలు. ఏవి మీవో ఏవి మావో వాటిని కన్న బాతుకే తెలియదు.

మంగళవారం అసలు తిప్పలు. తల్లి పిల్లల్ని బయటికి తీసుకెళ్ళాలని మెట్లెక్కి పిలుస్తుంది, పిల్లలు మొదటి మెట్టు దగ్గరే గెంతి గెంతి పడిపోతున్నాయి. చేత్తో తీద్దామని సెక్రటరీ దిగాడు. బాతు పిక్క పట్టుకుంది. పాపం, కుంటుతూ ఇంటికెళ్ళాడు. చెక్క వాల్చి పెట్టాం, జారిపోయాయి. మీ రూఫస్ సెలవు పెట్టి వచ్చాడు కదా, వాడూ అక్సా తొట్టి గట్టు మీదే కూర్చుని ఉన్నారు. అప్పుడు దేముడమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"ఏటయ్యా మీరంతా ఇంతింత సదువులు సదివి. నీల్లొదిలీండి. అయ్యే తేల్తాయి."

పాస్టరు గారే వెళ్ళి కుళాయి తిప్పారు. నీళ్ళు నెమ్మదిగా పెరిగాయి. గడ్డి తేలింది. దాంతో పాటు పిల్లలూ తేలాయి. మొదటి మెట్టు, రెండో మెట్టు, మూడో మెట్టు. తల్లి ముందు ఈదుతుంటే అన్నీ బారుగా వెనక. రొమ్ము లోతుకి నీళ్ళు వచ్చేసరికి గట్టు అందింది, ఒక్కొక్కటే చర్చిలోకి నడిచాయి. మేమంతా చప్పట్లు కొట్టాం.

అప్పుడు అక్సా, "ఒకటి తగ్గింది," అంది.

తేలే గడ్డి కింద ఇరుక్కుంది. బుడగలు కనిపించాయి. మీ వాడు చెప్పులు కూడా విప్పలేదు. మెట్లు దిగాడు, గడ్డి ఎత్తాడు, కనబడలేదు, ఇంకా దిగాడు. తల లోపలికి వెళ్ళిపోయింది. పైన గడ్డి మూసుకుపోయింది.  చాలాసేపు అనిపించింది నాకు, అక్సా నా చెయ్యి గోళ్ళతో పట్టుకుంది. తర్వాత గడ్డి పొంగింది. మీ వాడు లేచాడు. నెత్తి మీద గడ్డి, మీసాల్లోంచి నీళ్ళు, రెండు చేతుల్లో పసుపు ముద్ద.

పాస్టరు గారు గట్టు మీద నిలబడి ఉన్నారు. ఆయన చెయ్యి అలవాటుగా సగం లేచింది, అక్కడే ఆగిపోయింది. అందరూ ఆయన్నే చూస్తున్నారు. 

"నిండా మునిగేవా బాబూ?" అని అడిగారు.

రూఫస్ నిలబడే చెప్పాడు. "మునిగేనండి. కానీ బాతుపిల్ల కోసం దిగేను. నా బాప్తిస్మం ఎప్పుడో అయిపోయింది. మా అమ్మ సేయించింది." తర్వాత మీరు ఉత్తరంలో రాసిందంతా చెప్పాడు. వాన, తువ్వాలు, అయ్యగారి చెంబు. నీళ్ళలో నిలబడే చెప్పాడు, వణుకుతూ.

పాస్టరు గారు కళ్ళజోడు తీశారు. తుడుచుకోలేదు.  అలా చేత్తో పట్టుకునే కమిటీ వాళ్ళ వైపు తిరిగారు.

"మా తొట్టిలో మునగాలన్నాం. మునిగేడు. నేను సూసేను. ఎందుకు మునిగేడో నన్నెవులూ అడగొద్దు," అన్నారు.

ఎవరూ అడగలేదు. ఈస్టరు తర్వాత వచ్చే గురువారం పెళ్ళి, ఆయనే చేస్తారు. శుభలేఖ ఇవాళే ప్రెస్సు మీదికి ఎక్కిస్తున్నాను, పుష్పకుమారి గారి పేరు మీ పేరు పక్కన పెట్టాను, స్వర్గస్థులు అని చిన్నక్షరాల్లో వేస్తే మావాళ్ళు ఒప్పుకున్నారు. సుజి గేటు తీసింది. బాతులన్నీ మా పెరట్లో ఉన్నాయి. ఇంత జరిగాక వాటిని బయట ఉంచితే జనం ఏమంటారని తనే అంది.

రాయాల్సింది ఇంకా ఏదో ఉంది, జెరాక్సుకి మనిషి వచ్చి నిలబడ్డాడు.

మీ
దేవప్రసాద్


పాయకరావుపేట
16 మార్చి 2003

బావగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అప్పలకొండమ్మకు కూడా చదివి వినిపించాను. కోడి విషయంలో ఆమె ఇంకా సిగ్గుపడుతోంది.

రూఫస్ చెప్పింది నేను చెప్పలేకపోయిన మాట. వాడి నోట వచ్చింది, అది చాలు. మీ పాస్టరు గారికి నా వందనాలు చెప్పండి. ఎందుకు మునిగాడో నేనూ అడగను.

ఆ పిల్ల ఏమైందో మీరు రాయడం మర్చిపోయారు. ఫరవాలేదు. అది మా ఇంట్లోనే ఉంది. మంగళవారం సాయంత్రం రూఫస్ బస్సు దిగి వస్తే చొక్కాలోంచి తల బయటపెట్టి నన్ను చూసింది. అప్పట్నుంచి వాడి మడమల వెనకే తిరుగుతోంది. వాడు కూర్చుంటే కూర్చుంటుంది, లేస్తే లేస్తుంది. వాడు ఆఫీసుకు వెళ్ళేటప్పుడు వీధి చివర దాకా వెళ్ళి, అప్పలకొండమ్మ ఎత్తుకొస్తే అరుస్తూ వస్తుంది. తల్లి దగ్గరికి పంపేద్దామా అంటే వాడు మాట్లాడడు. అక్సా వచ్చాక ఆమే చూసుకుంటుంది.

నిన్న బేసిన్‌లో నీళ్ళు పోసి దాని ముందు పెట్టాను. తొట్టి భయం పోలేదేమో, అంచు దగ్గర నిలబడింది గానీ దిగలేదు. ఎంతసేపు చూసినా దిగలేదు. చివరికి చేత్తో నాలుగు చుక్కలు దాని నెత్తిన చల్లాను. ఒళ్ళు విదిలించుకుని, మూడు అడుగులు వేసి, నిండా మునిగింది.

ఈ సంగతి బంగారయ్య పాస్టరు గారికి చెప్పకండి. కనీసం పెళ్ళి అయ్యేదాకా.

మీ వియ్యంకుడు,
శాంతికుమార్